లలితకళలు - కళాశాల విద్య

విద్య అనగానే మన కుటుంబాలలో స్ఫురించే మార్గాలు మూడు నాలుగు మాత్రమే. ఇంజనీరింగు, వైద్యం, వాణిజ్యశాస్త్రం, ఇవి కాకపోతే ఏదైనా కంప్యూటరు శిక్షణ. ఎర్రగడ్డలో మెట్రోరైలు ఎక్కి అమీర్‌పేటలో దిగిన విద్యార్థికి కనుచూపుమేర కనిపించేవి కోచింగ్ సెంటర్ల బోర్డులే. చిత్రలేఖనం, శిల్పం, సంగీతం, నృత్యం, నాటకం కూడా ప్రవేశపరీక్ష వ్రాసి, సంవత్సరాల తరబడి అభ్యసించి, పట్టా పొందదగిన విద్యలే అని చెప్పేవారు మన పరిసరాలలో అరుదు. ఆ విషయాన్ని మన విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు సాధ్యమైనంత స్పష్టంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది వ్రాయడానికి కారణం ఒక విద్యార్థి. కొన్ని సంవత్సరాల క్రితం నా తెలుగు తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చునేవాడు. అతని నోటుపుస్తకం అంచులన్నీ అక్షరాలతో నిండి ఉండేవి. ఒకే పేరును ఒకవైపు తెలుగులో, మరొకవైపు ఉర్దూలో, రెండు లిపుల వంపులు ఒకదానికొకటి తగినట్లు తీర్చిదిద్దేవాడు. "సార్, అక్షరాలు గీయడం కూడా ఎక్కడైనా చదువుగా చెప్తారా?" అని ఒకనాడు అడిగినాడు. అతని తండ్రి ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతసామాను అమ్ముకొనేవారు. ఆ ఇంటి పరిస్థితి తెలిసినవాడిని కాబట్టి, "ముందు బి.కాం. పూర్తి చేయి బేటా, బొమ్మలు తీరికవేళల్లో వేసుకోవచ్చు" అన్నాను. నిజానికి అతని ప్రశ్నకు సమాధానం నాకు తెలియదు. తెలియదని చెప్పవలసిన చోట సలహా చెప్పినాను.

అతడు నా మాట విన్నాడు. బి.కాం. పూర్తిచేసి ఒక ఫ్లెక్సీ ముద్రణ దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. గత సంవత్సరం అమీర్‌పేటలో కనిపించినప్పుడు, "నేను వాడే అక్షరాలన్నీ ఎవరో గీసినవే సార్. ఆ గీసినవాళ్లు ఎక్కడ నేర్చుకొన్నారో అప్పుడే తెలిసి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఐతే ఇల్లు నడపవలసిన భారం అప్పటికే అతనిపై పడినది. మళ్లీ నాలుగేళ్లు చదవమని చెప్పే ధైర్యం నాకు కలగలేదు. అతడు అడిగినప్పుడు చెప్పవలసిన సమాధానాన్ని ఆలస్యంగానైనా ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట మాటల అర్థం తెలుసుకొందాము. కంటితో చూసి ఆనందించే చిత్రలేఖనం, శిల్పం, ముద్రణచిత్రం, ఛాయాచిత్రం, అక్షరరచన, అలంకరణ మొదలైనవి దృశ్యకళలు. కళాకారుడు తన శరీరంతో, కంఠంతో, వాద్యంతో ప్రేక్షకుల ఎదుట ఆవిష్కరించే సంగీత నృత్య నాటకాలు ప్రదర్శనకళలు. చిత్రకారుడు లేకపోయినా చిత్రం గోడ మీద నిలిచి ఉంటుంది; గాయకుడు ఆపిన క్షణంలో పాట ఆగిపోతుంది. ఈ భేదం వలననే రెండింటి శిక్షణ పద్ధతులు వేరువేరుగా ఉంటాయి.

పూర్వం ఈ కళలను నేర్చుకొనే స్థలాలు రెండు. ఒకటి వంశం, రెండవది పనిచేసే చోటు.

వంశవిద్యకు చక్కని ఉదాహరణ నాదస్వరం. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసుల కుటుంబానికి చెందినవారు. చిన్ననాటనే ఇంటిలో స్వరం పట్టుకొని, తరువాత తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ పొందినారు. కూచిపూడి నాట్యం కూడా తరతరాలుగా కొన్ని కుటుంబాల పురుషులకే పరిమితమై ఉండేది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆ కళాకారులకు కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చినాడని వారి సంప్రదాయం చెబుతున్నది. దక్కను పాలకులకు కళల పట్ల గల ఆదరానికి ఇది ఒక్కటే సాక్ష్యం కాదు. బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్షా స్వయంగా దక్కనీ భాషలో 'కితాబె నౌరస్' అనే గేయగ్రంథాన్ని రచించినాడు. కళ మనకు పరాయిది అనుకొనే విద్యార్థి ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి.

ఇక రెండవది పనిచేసే చోటు. వంశంలో కళ లేని పేదపిల్లవానికి ఇదే పాఠశాల. ఎం.ఎఫ్. హుసేన్ 1930లలో బొంబాయిలో సినిమా ప్రకటన చిత్రాలు గీస్తూ చేయి తిప్పుకొన్నారు. ఆ చేతితోనే దేశంలో అగ్రశ్రేణి చిత్రకారులై, 1999లో మన హైదరాబాదులో 'సినిమా ఘర్' నిర్మించినారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ బాల్యంలోనే నాటకాల వెంట నడిచి, బుర్రకథను తెలుగు దేశమంతటా మారుమ్రోగించి, 1986లో పద్మశ్రీ అందుకొన్నారు. పాతబస్తీ ఛత్తాబజారులో కాతిబుల పక్కన కూర్చుని, కలం చెక్కడం మొదలుకొని ఖుష్‌నవీసీ నేర్చుకొన్న బాలురు ఎందరో. ఉర్దూ దినపత్రికలు ఒకప్పుడు అట్టి చేతివ్రాతతోనే వెలువడేవి.

ఇప్పుడు ఆలోచించవలసిన విషయం ఇది. ఆ పనిచోట్లు నేడు దాదాపు లేవు. కంప్యూటరులో నస్తలీఖ్ అక్షరాలు వచ్చిన తరువాత పత్రికలకు కాతిబుల అవసరం తీరిపోయినది. ఫ్లెక్సీ ముద్రణ వచ్చిన తరువాత థియేటరు ముందు పరంజా ఎక్కి కథానాయకుని ముఖం గీసే చిత్రకారుడు కనబడడు. ఊరూరా తిరిగే నాటకసమాజాలు బహు స్వల్పంగా మిగిలినవి. కూలి సంపాదిస్తూ కళ నేర్చుకొనే అవకాశం మూసుకుపోయినందువలన, వంశంలో కళ లేని విద్యార్థికి తెరచి ఉన్న ముఖ్యద్వారం కళాశాల. కళల చదువు ధనికుల విలాసమని మనం అనుకొంటున్నాము. వాస్తవానికి దాని అవసరం పేదవానికే ఎక్కువ. ధనికుడు ఇంటికి గురువును పిలిపించుకోగలడు.

కళాశాల వంటి సంస్థలు ఈ ద్వారాన్ని ఎట్లు తెరచినవో చూద్దాము. మన దేశంలో చిత్రకళా పాఠశాలలు మద్రాసులో 1850లోను, బొంబాయిలో 1857లోను ఆరంభమైనవి. శాంతినికేతనంలో కళాభవనం 1919లో వెలసినది. అదే సంవత్సరం విజయనగరంలో సంగీత కళాశాల ప్రారంభం కాగా, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రధానాచార్యులైనారు. ఆయన పారసీక భాష నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగులోనికి, సంస్కృతంలోనికి అనువదించినారని మన ఉర్దూ విద్యార్థులు తెలుసుకోవాలి. నృత్యంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు కూచిపూడి నేర్పినారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించినారు. ఒకప్పుడు స్త్రీకి ప్రవేశం లేని నాట్యం నేడు ఏ ఊరి బాలికైనా నేర్చుకోదగినదైనది.

మన నగరంలో 1940లో ప్రభుత్వ కళాపాఠశాలగా మొదలైన సంస్థ తరువాత లలితకళల, వాస్తుశిల్ప కళాశాలగా ఎదిగినది. 1972లో అది జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరినది. 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా ఏర్పడినప్పుడు దానిలో భాగమైనది. ఇది మాసాబ్ ట్యాంకు వద్ద ఉన్నది. మెదకు జిల్లా నిజాంపూరులో 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడ్ హైదరాబాదులోని ఆ కళాశాలలోనే చదివి, 1963లో బరోడాకు వెళ్లి ముద్రణచిత్రకళను అభ్యసించినారు. తెలంగాణ పల్లె స్త్రీని తన చిత్రాలతో ప్రపంచానికి చూపిన తోట వైకుంఠం కూడా అక్కడి విద్యార్థే. వీరికి పల్లె జ్ఞాపకాలను ఇచ్చినది పుట్టిన ఊరు; రాగిరేకును, ఆమ్లాన్ని, ముద్రణయంత్రాన్ని ఉపయోగించే పద్ధతి నేర్పినది కళాశాల.

అక్కడ ఏమి నేర్పుతారు? ఇంటర్మీడియట్ తరువాత బి.ఎఫ్.ఎ. పట్టాకు నాలుగు సంవత్సరాలు పడుతుంది. చిత్రలేఖనం, శిల్పం, అనువర్తిత కళ, ఛాయాచిత్రణ, యానిమేషన్ దీనిలో ముఖ్యశాఖలు. మొదట అందరూ నేర్వవలసినది చూడటం. ఎదుట ఒక కుండను ఉంచి గీయమంటారు. కుండ మూతి గుండ్రమని మనకు తెలుసు. కాని కూర్చున్న చోటినుండి చూస్తే అది కోడిగుడ్డు ఆకారంలో కనబడుతుంది. తెలిసినదానిని గాక కనబడినదానిని గీయాలన్నది తొలి పాఠం. ఎర్రగడ్డ రోడ్డు మీద నిలబడి మెట్రో స్తంభాల వరుసను చూడండి. అన్నీ ఒకే ఎత్తు ఐనప్పటికీ దూరం పోయినకొద్దీ చిన్నవై ఒక బిందువు వైపు పోతున్నట్లు తోస్తాయి. దీనిని లెక్క ప్రకారం కాగితంపై చూపే శాస్త్రం దూరదృశ్యరచన. ఇట్లే వెలుగునీడలు, రంగుల పరస్పర సంబంధం, మానవశరీర నిర్మాణం, కళాచరిత్ర క్రమంగా బోధిస్తారు.

శిల్పవిద్యార్థి బంకమట్టితో రూపం చేసి, దానికి ప్లాస్టరు అచ్చు తీసి, పోత పోస్తాడు. ముద్రణచిత్ర విద్యార్థి లోహపు రేకుపై మైనం వంటి పూత పూసి సూదితో గీతలు గీస్తాడు. రేకును ఆమ్లంలో ఉంచితే పూత తొలగిన గీతలు మాత్రమే లోతుగా తినివేయబడతాయి. వాటిలో సిరా నింపి యంత్రంలో వత్తితే కాగితంపై బొమ్మ ఎడమ కుడిగా మారి దిగుతుంది. ఎంత ఊహాశక్తి ఉన్నవాడైనా ఈ పనిని చూసి, చేసి, చెడగొట్టుకొని, మళ్లీ చేసి నేర్వవలసినదే.

నా విద్యార్థి అడిగిన అక్షరాల చదువు ఎక్కువగా అనువర్తిత కళాశాఖకు చెందినది. మన వీధులలోని బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. తెలుగుకు పైన గుడులు, క్రింద వత్తులు ఉన్నందున నిలువు స్థలం ఎక్కువ కావాలి. నస్తలీఖ్ కుడినుండి ఎడమకు సాగుతూ వాలుగా క్రిందికి దిగుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒకే గీతపై నిలుస్తాయి. ఈ మూడింటిని ఒకే పలకపై ఏదీ నలిగిపోకుండా అమర్చడం ఎంత కష్టమో మన దుకాణాల బోర్డులు చూస్తే తెలుస్తుంది. ఖుష్‌నవీసీలో కలం మొనతో పెట్టిన చుక్కను, అనగా నుక్తాను, కొలమానంగా తీసుకొని ప్రతి అక్షరం పొడవు వెడల్పులు నిర్ణయిస్తారు. అందం అనుకొన్నదాని వెనుక ఇంత గణితం ఉన్నది. దీనిని తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో స్థాపించిన ఇదారా అదబియాతె ఉర్దూ వారి ఐవానె ఉర్దూ మనకు నాలుగు మెట్రో స్టేషన్ల దూరంలో, పంజగుట్టలోనే ఉన్నది. అందలి ప్రాచీన వ్రాతప్రతులను మన విద్యార్థులు ఎందరు చూసినారు?

ప్రదర్శనకళలలో శిక్షణ శరీరంతో ఆరంభమౌతుంది. కర్ణాటక సంగీతంలో సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు దాటి కృతులకు చేరాలి. హిందుస్తానీలో సర్గమ్, పల్టాలు సాధించి ఖయాల్‌కు చేరాలి. నృత్యంలో అడుగులు, జతులు, తాళజ్ఞానం, హస్తాలు అభ్యసించాలి. 'అభినయదర్పణం' ఒంటిచేతి ముద్రలే 28 చెప్పినది. నాటకశాఖలో ఉచ్చారణ, శ్వాస, దేహచలనం, పాత్రపరిశీలనతోబాటు వెలుగుల ఏర్పాటు, దుస్తులు, రంగాలంకరణ, ప్రదర్శననిర్వహణ నేర్పుతారు. కనుక వేదికపై నిలబడటానికి సంకోచించే విద్యార్థికి కూడా నాటకరంగంలో స్థానం ఉన్నది.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళల విభాగంలో నృత్యం, నాటకం, చిత్రకళలలో ఉన్నత విద్య లభిస్తున్నది. 1985లో ఏర్పడి, తరువాత పొట్టి శ్రీరాములు పేరును, ఆపై తెలంగాణలో సురవరం ప్రతాపరెడ్డి పేరును పొందిన తెలుగు విశ్వవిద్యాలయంలో సంగీత, నృత్య, రంగస్థల, జానపద కళల శాఖలున్నవి. రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో చిన్న వయసునుండే చేరవచ్చు. 1959లో స్థాపించబడిన ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయం ఏ విషయంలోనైనా పట్టభద్రులై నాటకానుభవం ఉన్నవారికి ప్రవేశపరీక్ష నిర్వహిస్తుంది. మన బి.కాం., బి.ఏ. విద్యార్థులు కళాశాల వార్షికోత్సవ నాటకాలను తేలికగా తీసుకోకూడదనడానికి ఇది ఒక కారణం.

ఇక పెద్దలు సాధారణంగా తెలిపే సందేహాలు.

మొదటిది జీవనోపాధి. చిత్రాలు అమ్మి మాత్రమే జీవించగలిగేవారు కొద్దిమంది. ఈ నిజాన్ని దాచరాదు. ఐతే అనువర్తిత కళ, యానిమేషన్ చదివినవారికి ప్రకటనలు, పుస్తక ప్రచురణ, ఆటల రూపకల్పన, చలనచిత్ర రంగాలలో పని ఉన్నది. అమీర్‌పేటలోని సారథి స్టూడియో మొదలుకొని ఈ నగరం చలనచిత్ర కేంద్రంగా పెరిగినది కాబట్టి కళాదర్శకత్వం, దుస్తులు, వెలుగులు తెలిసినవారికి ఇక్కడ అవకాశాలు ఎక్కువ. పాఠశాలలకు చిత్రలేఖన, సంగీత ఉపాధ్యాయులు కావాలి. సాలార్‌జంగ్ మ్యూజియం వంటి సంస్థలలో ప్రాచీన వస్తువులను సంరక్షించే నిపుణులు కావాలి. బి.కాం. పట్టా కూడా ఉద్యోగానికి పూచీ ఇవ్వదని మనందరికీ అనుభవమే.

రెండవది ధర్మసందేహం. ప్రాణుల రూపచిత్రణ గురించి, సంగీతం గురించి మన ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. వాటిపై తీర్పు చెప్పే అర్హత తెలుగు అధ్యాపకునికి లేదు. ఐతే లలితకళల చదువంతా ఆ వివాదంలోనిదే అనుకోవడం పొరపాటు. అక్షరకళ, జ్యామితీయ అలంకరణ, వస్త్రాలపై నమూనాలు, గ్రంథాలంకరణ మన నాగరికత గర్వించే విద్యలు. మచిలీపట్నం వస్త్రకళకు పెట్టిన 'కలంకారీ' అనే పేరే పారసీక పదం. మనస్సాక్షికి ఏది సమ్మతమో విద్యార్థి, అతని కుటుంబం నిర్ణయించుకొంటారు. ఆ నిర్ణయానికి ముందు ఆ చదువులో ఏమేమి ఉన్నవో వారికి తెలియాలి గదా!

మూడవది ప్రతిభ. పుట్టుకతో రావలసినదానిని కళాశాల ఎట్లు ఇస్తుందని అడుగుతారు. ఇవ్వదు. వ్యాకరణం నేర్పితే అందరూ కవులు కారు. ఐనా వ్యాకరణ పాఠం దండుగని ఎవరూ అనరు. నిత్యం గీసే అలవాటును, తప్పును చూపే గురువును, పోటీపడే సహాధ్యాయులను కళాశాల ఇస్తుంది. మిగిలినది విద్యార్థి శ్రమ.

ప్రవేశం కోరే విద్యార్థి ముందుగా చేయవలసినవి కొన్ని ఉన్నవి. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంనుండే రోజుకొక వస్తువును చూసి గీయాలి. చూసిన సంతను, బస్టాపును ఇంటికి వచ్చి జ్ఞాపకంతో గీయాలి. ప్రవేశపరీక్షలో జ్ఞాపకచిత్రణకు ప్రాముఖ్యం ఉన్నది. ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు వ్రాయడం మంచిది. దరఖాస్తు తేదీలను ఏటేటి ప్రకటనలో చూసుకోవాలి. ఫీజు, ఉపకారవేతనాల నిబంధనలను మైనారిటీ సంక్షేమశాఖ కార్యాలయంలో విచారించాలి. 18 నుండి 25 సంవత్సరాల వయసుగల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ ఉపకారవేతన పథకం ఒకటి ఉన్నది. దానిని కూడా పరిశీలించాలి.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. కొత్త శాఖ తెరవమని నేను కోరడం లేదు. దానికి ధనం, స్థలం కావాలి. ఇంజనీరింగు ప్రవేశపరీక్ష ప్రకటన పక్కనే లలితకళల ప్రవేశపరీక్ష ప్రకటనను కూడా అంటించవచ్చు. గ్రంథాలయంలో చిత్రకళకు, నాటకానికి ఒక అర కేటాయించవచ్చు. సంవత్సరానికొకసారి విద్యార్థులను సాలార్‌జంగ్ మ్యూజియమునకు, ఐవానె ఉర్దూకు తీసుకొని పోవచ్చు. వెలుతురు బాగా వచ్చే ఒక గదిని ఆదివారం ఉదయం గీయదలచినవారికి తెరచి ఉంచవచ్చు. వీటికయ్యే ఖర్చు చాలా స్వల్పం.

అందరూ కళాకారులు కావాలని ఈ వ్యాసం చెప్పడం లేదు. నూరుమందిలో ఒకరికి ఆ అభిరుచి ఉండవచ్చు. ఆ ఒక్కరు వచ్చి, "సార్, ఇది కూడా చదువేనా?" అని అడిగితే, "అవును బేటా, మాసాబ్ ట్యాంకుకు పోయి కనుక్కో, దరఖాస్తు తేదీ దాటనీయకు" అని చెప్పగలిగితే చాలు. ఆ జవాబు చెప్పడానికి నాకు కొన్ని సంవత్సరాలు పట్టినది. నా సహోద్యోగులకు అంత ఆలస్యం కాకూడదని నా కోరిక.